ఓటికుండయు పూర్ణకుంభమును : జపానీయుల 'వాబి–సాబి' తత్త్వము – తిరుత్తణి, తిరువళ్ళూరు సీమలు

జపానీయుల సౌందర్యదృష్టిని గూర్చి కడచిన మూడు దశాబ్దములలో లోకమంతట వ్యాపించిన మాట 'వాబి–సాబి'. అమెరికా దేశీయుడైన లెనార్డు కోరెన్ 1994లో ఈ పేరుతో ఒక చిన్న పుస్తకమును ప్రకటించిన పిదప గృహాలంకారము మొదలు మనశ్శాంతి మార్గముల వరకు ఈ మాటను తగిలింపని విషయము లేదు. లోపముగల వస్తువునందు, నిలువని వస్తువునందు, ముగియని వస్తువునందు అందమును చూచుటయే దీని సారమని ఆ గ్రంథములు బోధించును. బోధ వినుటకు ఇంపుగా నున్నది. కాని లోపమును సహించుట వేరు, లోపమును మెచ్చుట వేరు, లోపమును సరిదిద్దుట వేరు. ఈ మూడింటిని కలగలిపి ఒకే ముద్ద చేసినచో ఆ తత్త్వమునకును న్యాయము జరుగదు, దానిని స్వీకరింపబూనిన వారికిని మేలు కలుగదు. ఒక శతాబ్దములో పలుమారులు ఎల్లలు మారిన తిరుత్తణి సీమలోను, దానిని చేరియున్న తిరువళ్ళూరు ప్రాంతమునను వసించు తెలుగువారికి ఈ విచారణ కేవలము పాండిత్యవినోదము కాదు. మార్పును అంగీకరింపుడని వారికి చెప్పువారు చాలమంది కలరు. ఏ మార్పును, ఎంతవరకు అన్నదే ప్రశ్న.

మొదట పదములను విమర్శింపవలెను. వాబి, సాబి అనునవి వేర్వేరు మాటలు. ఈ రెండింటిని ఒక జంటపదముగా వాడుట అర్వాచీనము. 'వాబి' యనునది దైన్యమును, ఆశాభంగమును, దిక్కులేనితనమును తెలుపు క్రియనుండి పుట్టినది. ప్రాచీన కవిత్వమున అది సుఖవాచకము కాదు. ప్రియురాలు రాకపోయిన రాత్రి ప్రియుడనుభవించు కుములుపాటు వంటిది. 'సాబి' యనునది ఒంటరితనమును, కాలము పైబడుటచే కలుగు వన్నెతరుగుదలను తెలుపును. లోహమునకు పట్టు త్రుప్పును తెలుపు మాటయు అదే ఉచ్చారణ కలది. దుఃఖమును తెలిపిన మాటలు క్రమముగా రుచిని తెలుపు మాటలైనవి. తెలుగులో 'బీదఱికము' అను మాట ఒకనాటికి ఒక అలంకారశాస్త్ర పరిభాషగా మారినచో ఎట్లుండునో ఊహించిన, ఈ పరిణామములోని వింత బోధపడును. ఆ మార్పు తేనీటి సభలలో జరిగినది.

క్రీ. శ. 1191లో ఐసాయి అను భిక్షువు చీనానుండి జెన్ సంప్రదాయమును, దానితోపాటు తేయాకును తెచ్చెనని జపాను చరిత్ర చెప్పును. తరువాతి శతాబ్దములలో ప్రభువులు చీనా దేశపు నున్నని పింగాణి పాత్రలతో, ఆడంబరముతో తేనీటి విందులు జరిపిరి. దానికి ఎదురుగా మురాట జుకో (1423–1502), టాకెనో జోయో (1502–1555) అనువారు చిన్నగదిని, మోటుపాత్రను ముందుకు తెచ్చిరి. సెన్ నో రిక్యూ (1522–1591) దానిని పరాకాష్ఠకు చేర్చెను. ఆయనదిగా చెప్పబడు తైఆన్ అను తేనీటిగది రెండు చాపల విస్తీర్ణము మాత్రమే కలది. లోనికి పోవు ద్వారము ఎంత చిన్నదనగా, ఎంతటి వీరుడైనను కత్తిని వెలుపల విడిచి, వంగి, మోకాళ్ళపై జరుగుచు ప్రవేశింపవలెను. చక్రముపై త్రిప్పక చేతితో అదిమి చేసిన నల్లని, ఎఱ్ఱని గిన్నెలను చోజిరో అను కుమ్మరిచే ఆయన చేయించెను. అవి గుండ్రదనమున లోపించినవి. అంచులు ఎగుడుదిగుడుగా నుండును. ఆ లోపము చేతగానితనమువలన వచ్చినది కాదు, కోరి తెచ్చినది.

ఇంతవరకు ప్రశంస. ఇక ప్రశంసాపరులు సాధారణముగా చెప్పని భాగము కలదు. రిక్యూకు పోషకుడు, ఆనాటి సర్వాధికారియైన టొయొటొమి హిదెయోషి. అతడు బంగారురేకు తాపిన తేనీటిగదిని చేయించుకొనినవాడు. ఒకే ఆస్థానమున బంగారు గదియు, రెండు చాపల గుడిసెయు ప్రక్కప్రక్కన నిలిచినవి. గుడిసెలోని గిన్నె ధర పెరిగి పెరిగి బంగారమును మించినది. పేదఱికమును ఎన్నుకొనగలవాడు పేద కాడు. చివరకు 1591లో ఆ హిదెయోషి ఆజ్ఞచేతనే రిక్యూ ఆత్మహత్య చేసికొనవలసివచ్చెను. జపానువారు మిక్కిలి గౌరవించు 'కిజాయెమొన్' అను తేనీటిగిన్నె నేడు క్యోటో నగరమున దైతోకుజీ మఠపరిధిలోని కోహోఆన్ నందున్నది. అది మొదట కొరియా దేశమున పేరులేని కుమ్మరి చేసిన మామూలు గిన్నె. 1931లో దానిని చూచిన యనాగి సోయెత్సు, ఎవడో పేదవాడు అందమును గూర్చి తలపక, పూటకూటికై చేసిన వస్తువగుటచేతనే అది అంత అందముగా నున్నదని వాదించెను. వాదము రమ్యము. కాని ఆ కుమ్మరికి ఆ మెప్పులో పాలు లేదు. అంతేకాదు, హిదెయోషి 1592–1598 నడుమ కొరియాపై దండెత్తినప్పుడు అక్కడి కుమ్మరులను పట్టి జపానునకు తరలించిరి. ఒకని లేమి మఱియొకనికి రుచియగుట ఈ తత్త్వమునకు పుట్టుకతోనే వచ్చిన మచ్చ. దీనిని గుర్తింపక వాబి–సాబిని కొనియాడుట అర్ధవిమర్శ.

ఆ తేనీటి సభలకును తిరువళ్ళూరు సీమకును ఒక ప్రత్యక్ష సంబంధము కలదనిన వినువారికి వింతగా నుండవచ్చును. నేటి తిరువళ్ళూరు జిల్లాలోని పళవేర్కాడు రేవున డచ్చివారు 1610 నాటికి స్థిరపడి, 1613లో గెల్డ్రియా అను కోటను కట్టిరి. 1690 వరకు చోళమండల తీరమున వారి వ్యాపారమునకు అదియే ముఖ్యస్థానము. ఈ తీరపు నూలుబట్టలు బటావియా మీదుగా తూర్పుదీవులకు, అక్కడినుండి జపానునకు పోయెను. 1641 తరువాత జపానులో పాశ్చాత్యులలో డచ్చివారికి మాత్రమే, అదియు నాగసాకి యెదుటి దెజిమా అను చిన్నదీవిలో మాత్రమే, వర్తకమున కనుమతి యుండెను. అద్దకపు బట్టను జపానువారు 'సరసా' యనిరి. చారలబట్టను 'సాంతోమే' యనిరి. అది మైలాపురమునకు పోర్చుగీసువారు పెట్టిన సాంతోమే అను పేరు. ఒక ఊరి పేరు, ఆ ఊరిని ఎన్నడును చూడనివారి నోట, చారలకు పేరైనది. తరువాత జపానులోనే ఆ చారలబట్టను నేసి ఆ పేరును నిలిపిరి.

తేనీటి గురువులు ఆ బట్టలను చీరలుగా, దుప్పటులుగా వాడలేదు. చిన్నముక్కలుగా కత్తిరించి తేయాకు భరిణెలకు సంచులుగా కుట్టించిరి. గిన్నెను చుట్టు గుడ్డగా ఉంచుకొనిరి. చినిగిన ముక్కలను సయితము పాఱవేయక పుస్తకములలో అతికి దాచిరి. ఈ తీరమున తెలుగు, అరవ నేతగాండ్రు దినకూలికై నేసి, అద్దకపువారు చాయవేరుతోను నీలితోను రంగులద్దిన బట్ట, సముద్రములు దాటి తునుకలైన పిమ్మట పూజనీయమైనది. నేసిన ఊరిలో అట్టి పాతముక్క మసిగుడ్డయై యుండును. ఏది సత్యమైన దృష్టి? రెండును సత్యములే. దూరము వస్తువునకు వెల తెచ్చును. సామీప్యము దానికి పని చెప్పును. నేడు పళ్ళిపట్టు, పొదట్టూరుపేట, అమ్మయ్యారుకుప్పము ప్రాంతములలో చేతిమగ్గము తగ్గి మరమగ్గము హెచ్చినది. మరమగ్గపు బట్టలో లోపము లేదు, పోగు తప్పదు. పోగు తప్పినదానిని అందముగా చూడవలెనని బోధించు పుస్తకములు, చేనేతగానికి కూలి గిట్టని కాలముననే ఇంత ప్రచారము నొందుట గమనింపదగినది.

ఈ తత్త్వమునకు వెనుకనున్న దర్శనము బౌద్ధుల అనిత్యవాదము. అది భారతదేశమునుండియే పోయినది. జెన్ సంప్రదాయమునకు ఆద్యుడైన బోధిధర్ముడు కాంచీపురపు రాజపుత్రుడని ఒక ఐతిహ్యము. ఆ కాంచి తిరుత్తణికి దాపుననే యున్నది. శూన్యవాదమును నిలిపిన నాగార్జునుని పేరు కృష్ణాతీరమున నాగార్జునకొండలో నేటికిని నిలిచియున్నది. కావున తెలుగువారికి అనిత్యత జపాను సరకు కాదు. అయినను ఈ నేల ఆ విత్తును వేఱువిధముగా పండించినది. దీనికి తార్కాణముగా తిరుత్తణిలో 1888 సెప్టెంబరు 5న తెలుగు కుటుంబమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ రచనలను చూడవచ్చును. 1923లో వెలువడిన 'భారతీయ దర్శనము' మొదటి సంపుటమునందు ఆయన బౌద్ధమును విపులముగా చర్చించెను. 1950లో ధమ్మపదమును ఆంగ్లీకరించి వ్యాఖ్యానించెను. బుద్ధుడు ఉపనిషత్తుల భావములకే నూతన రూపమిచ్చెననియు, పరతత్త్వమును గూర్చి ఆయన వహించిన మౌనము నిరాకరణము కాదనియు రాధాకృష్ణన్ మతము. అనగా మార్పును చూచినంతనే దాని వెనుక మారని దానిని వెదకుట ఆయన మార్గము. జపాను కవి రాలిన రేకును చూచి రేకువద్దనే నిలుచును; తిరుత్తణి తాత్త్వికుడు రేకును దాటి వేరును వెదకును.

ఈ భేదమును చిన్నదిగా చూడరాదు. రాధాకృష్ణన్ బుద్ధుని ఉపనిషత్తులలోనికి మిక్కిలి సులభముగా కలుపుకొనెనని బౌద్ధపండితులు చేయు ఆక్షేపణలో బలము కలదు. క్షణికమును క్షణికముగానే గ్రహించు సాహసమును ఆ వ్యాఖ్యానము కొంత తగ్గించినది. అయితే వ్యవహారమున ఆయన మార్పునకు విముఖుడు కాడు. 1926 నాటి 'హిందూ జీవితదృష్టి'యందు ధర్మమును నిలిచిన శిలగాగాక సాగుచున్న ప్రవాహముగా చూపినవాడు ఆయనయే. పరమార్థమున స్థిరత్వము, వ్యవహారమున చలనము – ఈ రెంటి జంట తెలుగువారి సామాన్యజీవితమునందును కానవచ్చును.

తెలుగువారి శుభచిహ్నము పూర్ణకుంభము. అమరావతి శిల్పములలో వెలసిన పూర్ణఘటము నేటి ఆంధ్రప్రదేశ్ రాజ్యచిహ్నమునకు చేరినది. ఈశావాస్యోపనిషత్తు శాంతిమంత్రము పూర్ణమును గూర్చినదే. ఓటికుండ ఇక్కడ తిట్టుమాట. దానిలోని నీరు నిలువదు, దాని మ్రోత వినసొంపు కాదు. పగిలిన గిన్నెను బంగారముతో అతికి, ఆ అతుకునే అలంకారముగా చూపు 'కింత్సుగి' యను జపాను విద్య ఈ సంస్కారమునకు మొదట కొఱుకుడుపడదు. ఆ విద్యలో అతుకు నిచ్చునది నిజమునకు బంగారము కాదు. 'ఉరుషి' యను చెట్టుపాలు. అది వారములకొలది తేమలో నుండి గట్టిపడవలెను. దానిపై బంగారుపొడి తుదిమెఱుగు మాత్రమే. చిల్లుపడిన బిందెకు వీధిలో మాటు వేయువాడు చేసినపనియు ఇదియే, బంగారము తప్ప. మాటువేసిన బిందె మరల నీరు మోసెను. మాటు అందముగా నున్నదని ఎవరును అనలేదు, మాటుబడినదని పాఱవేయనులేదు. పాతచీరలను పొరలుగా పేర్చి కుట్టిన బొంతలోను ఇంతే. జపాను రైతులు ప్రాతగుడ్డలను అతికి కుట్టికొనిన 'బోరో' వస్త్రములు నేడు ప్రదర్శనశాలల కెక్కినవి. బొంత ఇంకను నులకమంచముపైననే యున్నది.

పోలికలకై తొందరపడువారు చంటిబిడ్డ బుగ్గపై పెట్టు దిష్టిచుక్కను కూడ వాబి–సాబి యందురు. అది పొరపాటు. బుగ్గపై నల్లచుక్క, కొత్తయింటికి కట్టిన దిష్టిబొమ్మ లోపమును ప్రేమించుటచే పుట్టినవి కావు. పూర్ణతను కాపాడుకొనుటకు లోపమును కావలి పెట్టినవి. ముగ్గు విషయము వేఱు. తిరుత్తణి వీధులలో తెలుగిల్లాలు, అరవయిల్లాలు ఒకేవేళ లేచి, కల్లాపి చల్లి, ఒకే చుక్కల లెక్కతో ముగ్గు పెట్టుదురు. పొద్దెక్కులోపల చీమలు పిండిని తినును, పాదములు చెరపును. చెరిగినదని ఇల్లాలు కుందదు, చెరగవలెననియు పెట్టదు. మఱునాడు మరల పెట్టును. అనిత్యతతో ఇంత నిరాడంబరముగా, ఇంత నిత్యముగా కాపురము చేసిన కళ మఱియొకటి చూపుట కష్టము. దానికొక తత్త్వనామము పెట్టవలసిన అవసరము ఇన్ని శతాబ్దములలో ఎవరికిని తోచలేదు.

మానవుని చేతికి సమతపై ప్రేమ ఎంత పాతదో తెలియవలెనన్న తిరువళ్ళూరు జిల్లాలోని అత్తిరంబాకమునకు పోవలెను. 1863లో రాబర్టు బ్రూస్ ఫూటు అక్కడ కనుగొనిన రాతిగొడ్డళ్ళ కాలమును 2011లో ప్రకటితమైన పరిశోధన సుమారు 15 లక్షల సంవత్సరములకు తీసికొనిపోయినది. వానిలో పెక్కు రెండువైపుల సరిసమానముగా చెక్కబడినవి. పనికి అంత సమత యవసరమా యని సందేహము కలుగును. పూర్ణరూపమునందలి మోహము మొదటిది. వంకరయందలి మోహము, పూర్ణరూపమును చేయగల చేయి అలసిన పిదప వచ్చు రెండవ చదువు. తేనీటి గురువులు నున్నని చీనా పాత్రలతో విసిగినవారే గాని వానిని ఎఱుగనివారు కారు.

జపాను దృష్టియంతయు పాతదనపు మెఱుగేయని అనుకొనుటయు సరికాదు. ఈసే క్షేత్రమందలి దేవళమును 20 ఏండ్ల కొకమారు ప్రక్కస్థలమున పూర్తిగా కొత్తకలపతో కట్టుదురు. 2013లో జరిగినది 62వ మారు. అక్కడ నాచుపట్టిన శిలలేదు, త్రుప్పులేదు. పాతది కొయ్య కాదు, కొయ్యను చెక్కు చేయి. తండ్రి కట్టినదానిని కొడుకు మరల కట్టుటచే విద్య నిలుచును. తమిళదేశపు దేవాలయములలో 12 ఏండ్ల కొకమారు జరుపు కుంభాభిషేకమును, జీర్ణోద్ధారణమును దీనికి చేరువైనవి. ఆగమము భిన్నమైన విగ్రహమును పూజార్హముగా తలపదు. దేవతాశక్తిని బాలాలయమునకు తరలించి, గుడిని బాగుచేసి, మరల ప్రతిష్ఠించును. తిరుత్తణి కొండ క్రింద పల్లవ అపరాజితుని కాలమునాటి, అనగా 9వ శతాబ్దపు, వీరట్టానేశ్వరాలయము కలదు. ఏనుగువీపు ఆకారపు విమానముగల చిన్నరాతిగుడి. ఆ రాజు స్వయముగా చెప్పిన అరవపద్యము దాని గోడపై చెక్కబడియున్నది. కొండపై కుమారస్వామిని సేవింప 365 మెట్లెక్కు జనులలో దీనివంక తిరుగువారు కొందఱే. రాయి అరిగినది, గుడి మిగిలినది. దీని యందమును చూచుటకు 'సాబి' యను మాట పనికివచ్చును. దానిని కాపాడుటకు పనికిరాదు.

తెలుగు సాహిత్యమున ఈ జపాను రుచి ముఖ్యముగా హైకూ ద్వారమున ప్రవేశించినది. ఇస్మాయిల్ (1928–2003) ఆ రూపమును తెలుగున ఆదరించినవారిలో ముఖ్యుడు. తరువాత పెక్కుమంది యువకవులు దానిని పట్టిరి. మూడు పాదములు, ఒక చిత్రము, కొంత నిశ్శబ్దము – ఇంతమాత్రమే హైకూ యని తలచుటచే చాలవఱకు ఫొటోలవంటి పద్యములు పుట్టినవి. బాషో (1644–1694) సంప్రదాయమున ఋతువును తెలుపు పదము నియతము. ఆ పదము వెనుక వేయేండ్ల కవిత్వపు జ్ఞాపకము కదలును. తెలుగు హైకూలో ఆ స్థానము ఖాళీగా నున్నది. ధనుర్మాసపు గొబ్బెమ్మ, ఆడికృత్తికకు తిరుత్తణి దారిపట్టిన కావడి, పూండి జలాశయము అడుగంటిన వేసవి – ఇట్టివి ఋతుపదములు కాదగినవి. పరదేశపు కప్పను, చెరువును ఎరువు తెచ్చుకొన్నంత సులభముగా కవులు వీనిని పట్టలేదు.

ఇక అసలు విషయము. రాధాకృష్ణన్ పుట్టిననాడు తిరుత్తణి చెన్నపురి రాజధానిలోని ఉత్తరార్కాటు జిల్లాలో, కార్వేటినగర సంస్థానపు నేలలో నుండెను. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడగా అందు చేరినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రములోనిదైనది. అరవవారి ఉత్తరసరిహద్దు ఉద్యమము, పటాస్కరు మధ్యవర్తిత్వము, 1959 నాటి సరిహద్దుల మార్పు శాసనము – వీని ఫలితముగా 1960 ఏప్రిలు 1న తిరుత్తణి తాలూకాలో అధికభాగము మద్రాసు రాష్ట్రమునకు పోయెను. సత్యవేడు మొదలగు ఊళ్ళు ఆంధ్రమునకు వచ్చెను. ఆనాడు తిరుత్తణి బిడ్డడైన రాధాకృష్ణన్ భారత ఉపరాష్ట్రపతి. తరువాత ఆ సీమ చెంగల్పట్టు జిల్లానుండి, 1997లో ఏర్పడిన తిరువళ్ళూరు జిల్లాకు మారినది. గ్రామమును ప్రమాణముగా గొని, భాషాధిక్యమును, భూమి కలియికను చూచి గీత గీచిరి. ఎంత నేర్పుతో గీచినను ఆ గీత వియ్యంకుల నడుమ, పొలమునకును ఇంటికిని నడుమ పడకమానదు. సంపూర్ణమైన ఎల్ల యొకటి కలదనియు, అది దొరికినచో కలహముడుగుననియు ఇరుపక్షముల వారును నమ్మిరి. ఆ నమ్మకము లోపరహితమైన గిన్నెను వెదకుట వంటిదే. ఈ సందర్భమున వాబి–సాబి తత్త్వము నిజముగా వెలుగు నిచ్చును: ఎల్ల ఏదైనను ఓటిదే, దానితో బ్రదుకుట నేర్వవలెను.

అచ్చటి తెలుగు మాట్లాడు తీరును గూర్చియు ఆ వెలుగు కొంతదూరము వచ్చును. ఆ తెలుగులో అరవపు మాటలు కలసినవి, యాస వేఱు, కోస్తా బడిపుస్తకపు భాషకు ఒదుగదు. దానిని 'అరవతెలుగు' అని నవ్వుట ఉత్తరపువారికి అలవాటు. ఆ నవ్వులో అజ్ఞానమే ఎక్కువ. పళవేర్కాడు సరస్సును తెలుగువారు ప్రళయకావేరి యందురు. స. వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' ఆ సరస్సుచుట్టు బ్రదుకులను ఆ నేల మాటతోనే చెప్పినవి. అందలి పలుకుబడి ఇతర ప్రాంతముల చదువరికి మొదట అడ్డుపడును. రెండుమూడు కథలు గడచునప్పటికి ఆ అడ్డే ఆకర్షణయగును. ఎగుడుదిగుడు గిన్నె చేతికి పట్టు నిచ్చినట్లు ఆ మాటలు చెవికి పట్టు నిచ్చును. దక్షిణమున కోవిల్పట్టి సీమకు చెందిన కి. రాజనారాయణన్ (1923–2021) ఇంట తెలుగు మాట్లాడి, అరవమున వ్రాసి, 'గోపల్లగ్రామము'న వలసవచ్చిన తెలుగువారి కథను చెప్పెను. ఇదియు ఒక అతుకే. పాత్ర అరవము, అందలి నీరు తెలుగు.

అయితే ఈ దృష్టి ఇంతటితో నిలువవలెను. 2006 నాటి తమిళము నేర్చుకొను శాసనము ఒకటవ తరగతినుండి క్రమముగా పైతరగతులకు అరవమును నిర్బంధము చేసినది. పదవతరగతికి ఆ వరుస 2016లో చేరగా, భాషాల్పసంఖ్యాకులు న్యాయస్థానముల నాశ్రయించి మినహాయింపులు పొందవలసివచ్చెను. అరవదేశమున నివసించువాడు అరవము నేర్చుట ధర్మమే. దానిని కాదనువాడు తన పొరుగువానికే దూరమగును. కాని పొరుగుభాష వచ్చుటచే సొంతలిపి పోవలెననుట మార్పు కాదు, తరుగు. తాత తెలుగున వ్రాసిన ఉత్తరమును మనుమడు చదువలేకపోవుటను 'అనిత్యతా సౌందర్యము'గా వర్ణించుట, కొరియా కుమ్మరి లేమిని తేనీటిగదిలో మెచ్చుకొనుట వంటిది. జపానువారు పగులును మాత్రమే మెచ్చలేదు. పగిలినదానిని అతికినవారిని మెచ్చిరి. అతుకుటకు చెట్టుపాలు, తేమ, వారములకొలది ఓర్పు కావలెను. ఇక్కడ వానికి సమానమైనవి బడి, పుస్తకము, ఉపాధ్యాయుడు. వీనిలో ఏది లేకున్నను మిగిలినవి అంటవు.

అట్టి అతుకు ఒకటి అరవదేశమున తరములుగా జరుగుచునే యున్నది. సంగీతము నేర్చు పిల్లలకై త్యాగరాజాదుల తెలుగు కృతులను అరవలిపిలో అచ్చువేయుదురు. ఆ లిపిలో క, ఖ, గ, ఘ అను నాలుగింటికిని ఒకటే అక్షరము. కావున అక్షరము ప్రక్కన 2, 3, 4 అను చిన్న అంకెలను చేర్చి ఉచ్చారణను సూచించుదురు. పుటనిండ ఆ అంకెలు, గిన్నెపై అతుకుగీతలవలె, చెదరియుండును. చూచుటకు అందము లేదు. అయినను ఆ పుటలను చూచి పాడినవారి నోట ఆ పాట, తప్పులతోనో ఒప్పులతోనో, వినవచ్చుచున్నది. పాడువారిలో పెక్కుమందికి దాని యర్థము తెలియదు. అర్థము తెలిసిన యిళ్ళలో పెక్కింట దానిని తెలుగక్షరములలో చదువగలవారు తగ్గిపోవుచున్నారు. తిరుత్తణిలో ఈ రెండు విధములవారును ఒకే వీధిలో నున్నారు.